యువతను హామ్ రేడియో వైపు తెచ్చే వీడియోలు ఎలా ఉండాలి?

విశాఖ శ్రోత:
హామ్ రేడియో అంటే లైసెన్సు పొంది, సొంత రేడియో సెట్టుతో ఇతర అభిరుచిదారులతో (హామ్‌లతో) మాట్లాడే వ్యాపకం. మన భాషలో దీనిపై నేను చూసిన వీడియోలలో ఎక్కువ భాగం సెట్ల ధరలు, యాంటెనా కొలతల చుట్టూనే తిరుగుతున్నాయి. లైసెన్సు ఉన్నవారికి అవి ఉపయోగమే గాని, 12 ఏళ్ళు నిండితే లైసెన్సు పరీక్ష రాయవచ్చన్న సంగతే తెలియని పిల్లలను అవి ఆకట్టుకోలేవు. ఆన్‌లైన్ ద్వారా కొత్తవారిని రప్పించినవారు తమ అనుభవాలను తెలియజేయగలరు.

గుంటూరు ఫిజిక్స్ టీచరు:
అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడు 145.800 మెగాహెర్ట్జ్‌పై ఎస్‌ఎస్‌టీవీ బొమ్మలు (శబ్ద సంకేతాలుగా మార్చి రేడియోలో పంపే చిత్రాలు) వస్తుంటాయి. రేడియో పక్కన ఫోనులో ఆ శబ్దాన్ని బొమ్మగా మార్చే రోబోట్36 యాప్ తెరిచి ఉంచి, ఆ కీచుమనే శబ్దం గీత వెంట గీతగా బొమ్మగా మారడాన్ని, రెండు నిమిషాలకు పైగా పట్టినా ఎక్కడా కత్తిరించకుండా చిత్రీకరించి, తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కేంద్రం దిగంతం చేరేసరికి బొమ్మ అడుగు భాగం చుక్కలు చుక్కలుగా చెదిరిపోయింది. పిల్లల ప్రశ్నలన్నీ ఆ చెదిరిన భాగం గురించే వచ్చాయి. కేంద్రం మనవైపు వస్తున్నప్పుడూ, దూరమవుతున్నప్పుడూ ఫ్రీక్వెన్సీ మూడు కిలోహెర్ట్జ్‌ల మేర జరుగుతుందని చెబితే, పాఠంలో బట్టీపట్టిన డాప్లర్ ప్రభావం ఇదేనా అని ఆశ్చర్యపోయారు. హంగులద్దిన వీడియో కన్నా ఇదే మేలని నా అభిప్రాయం.

బీటెక్ విద్యార్థి:
టీచరు గారితో ఏకీభవిస్తున్నాను. అయితే చూడటంతోనే ఆగిపోతే ఆసక్తి నిలవదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం వెబ్‌ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా వినగల రేడియో రిసీవర్) లింకును ఒక మిత్రుడు పంపగా, పైసా ఖర్చు లేకుండా బ్రౌజర్‌లోనే బ్యాండు తిప్పుతూ మోర్స్ సంకేతాలను (చుక్కలు, గీతలుగా అక్షరాలు పంపే పద్ధతి) నేను స్వయంగా వెతికి పట్టుకున్నాను. నాకు ఈ అభిరుచి అంటుకున్నది అక్కడే. ప్రతి వీడియో కింద అలాంటి లింకు ఒకటి ఉండాలి. ప్రారంభ స్థాయి లైసెన్సు అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడు పరీక్షకు మోర్స్ అవసరం లేదన్న మాట కూడా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మా తోటివారు మొదట వెనుకాడేది దానికే. విపత్తుల్లో హామ్‌లు అందించే సేవల గురించిన ప్రసంగాలకు మాత్రం మావాళ్ళు అంతగా స్పందించరు.

హైదరాబాద్ సీనియర్:
బాబూ, ఆ చివరి మాటను నేను ఒప్పుకోలేను. ప్రసంగం చేస్తే ఎవరూ వినరు, నిజమే. జరిగింది జరిగినట్టు చెబితే వింటారు. మన హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతి ప్రసాద్ గారి బృందం 2004 డిసెంబరులో ప్రపంచ హామ్‌లతో మాట్లాడేందుకు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి ఉండగా, 26న సునామీ వచ్చింది. అభిరుచి కోసం పట్టుకెళ్ళిన ఆ పరికరాలతోనే వారు ద్వీపాల సమాచారాన్ని బయటి ప్రపంచానికి అందించారు. దీనికంటే ఉత్కంఠ కలిగించే కథ ఏముంటుంది?

నాకు కనిపిస్తున్న అసలు లోటు వేరు. వీడియో చూసి ఉత్సాహంతో వచ్చిన పిల్లవాడికి పరీక్ష దాకా తోడుండేవారు కరువయ్యారు.

విశాఖ శ్రోత:
అయ్యా, ఆ బాధ్యత పంచుకుందాం. వారానికొక సాయంత్రం పరీక్ష సిలబస్‌ను తెలుగులో చెప్పే ఆన్‌లైన్ తరగతిని నేను నడుపుతాను. ఎలక్ట్రానిక్స్ భాగాన్ని టీచరు గారు తీసుకోగలరా?