ట్రైలర్‌లో ట్యుబులర్ బ్యాటరీ తీసేసి లిథియం పెట్టాలని ఉంది, ఇంకేం మార్చాలి?

అల్లూరు_గట్టు:
అందరికీ నమస్కారం. మాది కావలి పక్కన. బొలెరో వెనక తగిలించి లాగే చిన్న ట్రైలర్ ఉంది, నలుగురం పడుకోవచ్చు. సెలవులకి మైపాడు, సోమశిల, భైరవకోన వైపు వెళ్తాం, రొయ్యలు పట్టుబడికొచ్చే రోజుల్లో మాత్రం అల్లూరు దగ్గర చెరువు గట్టున పెట్టి రాత్రి కాపలాకి నేనే అందులో పడుకుంటా. ఇప్పుడున్నవి: 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యుబులర్ బ్యాటరీ (లెడ్ యాసిడ్ రకం) ఒకటి, ఇళ్ళల్లో వాడే మామూలు ఇన్వర్టర్, పైన 330 వాట్ల సోలార్ ప్యానెల్, దానికి పీడబ్ల్యూఎం కంట్రోలర్ (బ్యాటరీ ఛార్జింగ్ చూసే చవక రకం పెట్టె). వాడేవి 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, ఇన్వర్టర్ మీద రెండు బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తినే) ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు. తెల్లవారుజామున నాలుగింటికల్లా ఫ్రిజ్ ఆగిపోతోంది, పొద్దున చూస్తే పాలు విరిగిపోయి ఉంటాయి. షాపులో అడిగితే 200 ఏహెచ్ లిథియం పెట్టండి, తీసి తగిలించడమే అంటున్నాడు. అంత సులువా? మా ఇంట్లో వాళ్ళు ఇండక్షన్ స్టవ్ కూడా అడుగుతున్నారు, అదీ చెప్పండి.

నెల్లూరు_సీను:
లిథియం ఎందుకన్నా అంత డబ్బు పోసి. ఇంకో 150 ట్యుబులర్ తెచ్చి పక్కన ప్యారలల్ కలిపెయ్, రెండు రోజులు తిరిగి చూసుకోనక్కర్లేదు.

ఒంగోలు_వైరింగ్:
సీనూ, పాతదానికి కొత్తది కలిపితే పాతది కొత్తదాన్ని కూడా తనతో పాటే ముంచుతుంది. పైగా ఇంకో 55 కేజీలు.

అల్లూరు అన్నా, బ్యాటరీ సంగతి తర్వాత, ముందు ఖర్చు లెక్కేద్దాం. ఎండాకాలం ఫ్రిజ్ రోజుకి అర యూనిట్ తింటుంది. ఫ్యాన్లు రెండూ కలిపి 60 వాట్లు, పది గంటలకి 600 వాట్ అవర్లు. లైట్లు, ఫోన్లు ఓ 150. మొత్తం యూనిట్టుంబావు. మీ ట్యుబులర్ మీద రాసింది 1.8 యూనిట్లే గానీ సగానికి కిందికి దించితే దాని ఆయుష్షు పోతుంది, కాబట్టి చేతికొచ్చేది 0.9. ఇక ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఆ ఇన్వర్టర్. ఏ లోడూ లేకపోయినా ఆన్‌లో ఉంటే 15, 20 వాట్లు లాగుతూనే ఉంటుంది, 24 గంటలకి దాదాపు అర యూనిట్. ఫ్యాన్లు 12 వోల్టులవి పెట్టుకుంటే రాత్రంతా దాన్ని ఆపేయొచ్చు.

సోలార్ ఇంకా అన్యాయం. 330 వాట్ల ప్యానెల్ 37, 38 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం ఆ వోల్టేజీని బ్యాటరీ స్థాయికి లాగేసి అదే 9 ఆంపియర్లు పంపుతుంది, అంటే 120 వాట్ల చిల్లర. మిగతాదంతా పైకప్పు మీదే పోతోంది. ఏ బ్యాటరీ కొన్నా కొనకపోయినా 30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ ఎక్కువ వోల్టేజీని బ్యాటరీకి ఎక్కువ ఆంపియర్లుగా మార్చేది) ముందు పెట్టండి.

ఇండక్షన్ మాట మర్చిపోండి. 1800 వాట్లంటే 12 వోల్టుల మీద 150 ఆంపియర్లు దాటుతుంది, ఆ లావు కేబుళ్ళు, ఆ ఇన్వర్టర్ మీకెందుకు, గ్యాస్ పొయ్యి చాలు.

ఇంకొకటి, ఫ్రిజ్ నిజంగా బ్యాటరీ అయిపోయే ఆగుతోందా? కంప్రెసర్ తిరుగుతుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒకసారి, ఫ్రిజ్ ప్లగ్ దగ్గర ఒకసారి చూసి రెండు రీడింగులూ ఇక్కడ పెట్టండి.

అల్లూరు_గట్టు:
ఇప్పుడే చూశా అన్నా. బ్యాటరీ దగ్గర 12.3, ఫ్రిజ్ దగ్గర 11.5. సిగరెట్ లైటర్ సాకెట్, వైరు 1.5 స్క్వేర్ ఎంఎం అనుకుంటా. సాకెట్ చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంది.

ఒంగోలు_వైరింగ్:
దొరికింది. 0.8 వోల్టు దారిలోనే పోతోంది. ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ (వోల్టేజీ తగ్గితే ఫ్రిజ్‌ని ఆపే సెట్టింగ్) హైలో ఉంటే 11 చిల్లర దగ్గర ఆగిపోతుంది, బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉన్నా సరే. ఆ సాకెట్ పీకేసి బ్యాటరీ నుంచి నేరుగా 6 ఎంఎం రాగి వైరు, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజ్, బిగించే రకం కనెక్టర్ వేయండి. ప్రొటెక్షన్ మీడియంలో పెట్టండి. ఈ ఖర్చు వందల్లో పోతుంది, లిథియం వేలల్లో.

కొత్తపట్నం_రొయ్య:
పైన చెప్పినవి కరెక్టే, కానీ లిథియం వద్దని మాత్రం నేననను, మా చెరువు షెడ్లో వాడుతున్నా, హాయిగా ఉంది. కాకపోతే తీసి తగిలించడమే అన్న షాపాయన మాట నమ్మొద్దు. ఇంటి ఇన్వర్టర్ ట్యుబులర్ కోసం అప్పుడప్పుడూ వోల్టేజీ 15 దాకా లేపుతుంది, లిథియంకి 14.6 దాటకూడదు, దాటితే బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) కట్ చేస్తుంది. లిథియం మోడ్ ఉన్న ఛార్జరే కావాలి. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, నిండుగా ఉన్నా పావు వంతే ఉన్నా 13 చుట్టూనే తిరుగుతుంది, అందుకని షంట్ మీటర్ (ఎంత కరెంటు ఎక్కింది, ఎంత వాడాం అని లెక్కపెట్టేది) పెట్టుకోవాలి. మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి, షార్ట్ అయితే లిథియం వదిలే కరెంటు ముందు వైరు కరిగిపోతుంది.

మన దగ్గర ఉప్పుగాలి సంగతి తెలిసిందే. గట్టు మీద మామూలు రాగి లగ్గులు (వైరు చివర బిగించేవి) చూస్తుండగానే పచ్చగా చిలుము పట్టిపోతాయి. తగరం పూతవి వాడి, హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగండి. ఇక రోహిణి కార్తెలో ట్రైలర్ తలుపులేసి ఎండలో వదిలితే లోపల 50 దాటుతుంది. ఆ వేడిలో బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌తో పడి ఉంటే సెల్స్ ముసలివైపోతాయి. పట్టుబడి అయ్యాక నెలల తరబడి షెడ్డులో పెట్టేటప్పుడు సగం ఛార్జ్‌లో ఉంచి ఐసొలేటర్ (బ్యాటరీ కనెక్షన్ తెంచే స్విచ్) ఆఫ్ చేయండి. ట్యుబులర్‌కి ఇది తిరగబడుతుంది, దాన్ని ఎప్పుడూ నిండుగానే ఉంచాలి.

అల్లూరు_గట్టు:
సరే, వైరు, ఎంపీపీటీ, 12 వోల్టుల ఫ్యాన్లు ఈ వారమే. లిథియం సంక్రాంతి తర్వాత. అప్పుడు బండి నుంచి వచ్చే ఛార్జింగ్ వైరు నేరుగా కలపొచ్చా?

ఒంగోలు_వైరింగ్:
కలపొద్దు. ఖాళీ లిథియం ఎంతిస్తే అంత లాగుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. 20 ఆంపియర్ల డీసీ టు డీసీ ఛార్జర్ (బండి కరెంటుని అదుపులో పెట్టి బ్యాటరీకి ఇచ్చేది) ట్రైలర్‌లో పెట్టి, బొలెరో బ్యాటరీ నుంచి 16 ఎంఎం కేబుల్ లాగండి. ఏడు మీటర్లు పోయి రావడానికి 4 ఎంఎం అయితే 20 ఆంపియర్లకి దాదాపు 1.4 వోల్టులు పోతాయి, 16 అయితే 0.35 లోపే. లైట్ల ప్లగ్గులోని సన్నవైరు జోలికి పోవద్దు. మూడు గంటలు డ్రైవ్ చేస్తే 60 ఏహెచ్ ఎక్కుతుంది. అప్పుడు 200 అక్కర్లేదు, 150 చాలు.

గూడూరు_లారీ:
ఒక్కటి ఎవరూ అనలేదు. మీ ట్యుబులర్ ముందువైపు, బండికి తగిలించే కొక్కెం దగ్గరి పెట్టెలో ఉందా? ఉంటే అది తీసి 17, 18 కేజీల లిథియం పెడితే ముందు బరువు 40 కేజీలు తగ్గిపోతుంది. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతన్నా కొక్కెం మీద పడాలి, లేకపోతే హైవే మీద బస్సు పక్కనుంచి దాటినప్పుడు వెనకంతా ఊగుతుంది. వెనక పెట్టే నీళ్ళ క్యాన్లు, సిలిండర్ ఇరుసుకి ముందువైపు తెచ్చి కట్టేసి, ఊరు దాటేముందు ఖాళీ రోడ్డు మీద ఒకసారి 60లో పోయి చూసుకోండి.