విండోస్‌లో నష్టం సున్నా, పేజీ రాదు. లినక్స్‌లో అన్నీ చుక్కలే, పేజీ వస్తుంది. దేన్ని నమ్మాలి?

కొత్త టెస్టర్:

టెస్టింగ్‌లో చేరి రెండు నెలలే అయింది, ప్రశ్న పిచ్చిగా ఉంటే తిట్టకండి.

నా దగ్గర రెండు ల్యాప్‌టాప్‌లున్నాయి, ఒకటి విండోస్, ఒకటి ఉబుంటు లినక్స్. మా టెస్ట్ సర్వర్ కూడా వీటి నెట్‌వర్క్‌లోనే ఉంది. దాని పేజీ 8443 పోర్ట్ (మెషిన్‌లో ఒక్కో సర్వీస్‌కి ఉండే తలుపు నంబర్) మీద తెరుచుకోవాలి. మొన్న సర్వర్‌ని కొత్త మెషిన్‌కి మార్చారు, అప్పటినుంచి ఈ గోల.

విండోస్‌లో పింగ్ (అవతలి మెషిన్‌కి చిన్న ప్యాకెట్లు పంపి జవాబొస్తుందా చూసే కమాండ్) కొడితే చివర్లో పంపినవి 4, అందినవి 4, నష్టం 0 శాతం అంటోంది. బ్రౌజర్‌లో మాత్రం పేజీ రాదు. ఉబుంటులో పేజీ హాయిగా వస్తోంది, కానీ ట్రేస్‌రూట్ (ప్యాకెట్ వెళ్లే దారి చూపే కమాండ్) కొడితే 30 లైన్లూ చుక్కలే. నిజంగానే చుక్కలు చూపిస్తోంది.

ఉబుంటులో పింగ్ అసలు ఆగదు కూడా. విండోస్ అలవాటుకొద్దీ -ఎన్ 4 ఇచ్చాను, పని చేయలేదు. ఇక విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండ్‌తో డీఎన్ఎస్ (పేరుకి అడ్రస్ చెప్పే వ్యవస్థ) పాత జవాబులు ఫ్లష్ చేశాను, తేడా లేదు. ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌లో సర్వర్ పేరుకి రెండింట్లోనూ 192.168.10.57 అనే వస్తోంది. అంటే డీఎన్ఎస్ తప్పు లేదనే కదా? రేపు రిపోర్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

రాత్రి షిఫ్ట్:

విండోస్ పింగ్ చివరి లైన్ కాదు, మొత్తం పెట్టు. ముఖ్యంగా మొదటి లైన్.

కొత్త టెస్టర్:

మొదటి లైన్‌లో సర్వర్ పేరు, పక్కన బ్రాకెట్‌లో 192.168.10.40, 32 బైట్లు అని ఉంది. కింద నాలుగుసార్లు "రిప్లై ఫ్రమ్ 192.168.10.23: డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్". ఆగండి, .23 అంటే నా ల్యాప్‌టాప్ అడ్రసే!

రాత్రి షిఫ్ట్:

అదే తమ్ముడూ. నీకు జవాబిచ్చింది సర్వర్ కాదు, నీ ల్యాప్‌టాపే. ".40 ఎక్కడుందో నాకు దొరకలేదు" అని తనకు తానే చెప్పుకుంది. విండోస్ పింగ్ ఆ మాటని కూడా రిప్లై కింద లెక్కేసుకుని, నాలుగూ అందాయి, నష్టం లేదు అని రాసేస్తుంది. అదే .40ని ఉబుంటు నుంచి కొట్టి చూడు. అన్‌రీచబుల్ అన్న మాటే వస్తుంది, కానీ కింద లెక్కలో వాటిని ఎర్రర్స్‌గా వేసి, నష్టం 100 శాతం అంటుంది.

నేను ఇందులో పడి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను కాబట్టి చెప్తున్నా. మెషిన్లు బతికున్నాయో లేదో చూడ్డానికి ఒక బ్యాచ్ ఫైల్ రాశాను, పింగ్ ఎర్రర్‌లెవెల్ (కమాండ్ ముగిశాక ఇచ్చే ఫలితం అంకె) సున్నా అయితే ఓకే అని. ఇలా అన్‌రీచబుల్ వచ్చినప్పుడు కూడా ఎర్రర్‌లెవెల్ సున్నాయే వస్తుందని నాకు తెలీదు. చచ్చిన మెషిన్ తెల్లారేదాకా స్క్రీన్ మీద పచ్చగా వెలుగుతూనే ఉంది. ఇప్పుడు ఎర్రర్‌లెవెల్ జోలికి పోను, జవాబులో "టీటీఎల్=" (ప్యాకెట్ ఇంకా ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే అంకె) అనే మాట ఉందా అని వెతుకుతాను. అసలు జవాబుల్లోనే అది ఉంటుంది. (ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రస్‌ల జవాబుల్లో విండోస్ దాన్ని చూపించదు, అక్కడ ఈ చిట్కా పారదు.)

ఇక నీ అసలు జబ్బు. ఎన్ఎస్‌లుకప్ .57 అంటోంది, పింగ్ .40కి వెళ్తోంది. రెండూ నిజమే చెప్తున్నాయి. ఎన్ఎస్‌లుకప్ నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతుంది, నీ మెషిన్‌లోని హోస్ట్స్ ఫైల్‌ని (పేర్లకి అడ్రస్‌లు చేత్తో రాసిపెట్టుకునే ఫైల్) చూడదు. పింగ్, బ్రౌజర్ మాత్రం హోస్ట్స్ ఫైల్‌లో ఉన్నదాన్నే ముందు నమ్ముతాయి. అందుకే ఫ్లష్ చేసినా తేడా రాలేదు, ఫైల్‌లో ఉన్న లైన్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ. అక్కడ హోస్ట్స్ అనే ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చూడు. పాత సర్వర్ అడ్రస్ ఎవరో అక్కడ రాసిపెట్టారని నా అనుమానం.

పెంగ్విన్ పక్షం:

చుక్కల సంగతి నేను చెప్తాను. ట్రేస్‌రూట్ 1980ల చివర్లో వ్యాన్ జేకబ్సన్ రాసింది. ప్యాకెట్‌కి టీటీఎల్ 1 ఇచ్చి పంపితే మొదటి రూటర్ దగ్గరే చచ్చి "చచ్చింది" అని కబురొస్తుంది, 2 ఇస్తే రెండో దగ్గర, అలా దారంతా బయటపడుతుంది. తేడా ఎక్కడంటే, విండోస్‌లో దీని బదులు ఉండే ట్రేసర్ట్ పంపేది పింగ్ లాంటి ఐసీఎంపీ ప్యాకెట్లు. లినక్స్ ట్రేస్‌రూట్ మామూలుగా యూడీపీ అనే వేరే రకం ప్యాకెట్లని 33434 నుంచి పైకి పోర్ట్‌లకి పంపుతుంది. మీ కొత్త సర్వర్ ఫైర్‌వాల్ వాటిని చడీచప్పుడు లేకుండా పారేస్తున్నట్టుంది. జవాబు రాదు కాబట్టి 30 దాకా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే మాట) పెట్టి, పెద్ద ఐ అక్షరంతో -ఐ ఇవ్వండి, ఐసీఎంపీతో వెళ్తుంది. మీ సర్వర్ పక్కనే ఉంది కాబట్టి ఒకే లైన్ రావాలి.

పింగ్ ఆగాలంటే లినక్స్‌లో -సీ 4. ఇక్కడ -ఎన్ అంటే "పేర్లు వద్దు, అంకెలే చూపించు" అని, లెక్కతో సంబంధం లేదు. విండోస్‌లో ఆగకుండా కొట్టే -టీ కూడా ఇక్కడ వాడకండి, ఇక్కడ దాని అర్థం టీటీఎల్.

సగం కొరికిన ఆపిల్:

మ్యాక్‌లో కూడా -సీ 4నే. కానీ -టీ మాత్రం లినక్స్ లాగా కాదు, అన్ని సెకన్ల తర్వాత పింగ్ ఆగిపోతుంది. ఒకే అక్షరానికి మూడు చోట్ల మూడు అర్థాలు. మ్యాన్ పేజీ (కమాండ్ వివరాలుండే పేజీ) చూడకుండా నేనైతే ఎంటర్ కొట్టను.

పనిలో పనిగా ఎంటీయూ (ఒకసారికి వెళ్లగల ప్యాకెట్ గరిష్ఠ సైజు) కూడా చూసుకోండి. విండోస్‌లో -ఎఫ్ -ఎల్ 1472 ఇచ్చి పింగ్ కొడితే...

రాత్రి షిఫ్ట్:

ఆపిల్ గారూ, పెద్ద ప్యాకెట్లు వీపీఎన్‌లో ఇరుక్కుంటే ఎంటీయూ చూడాలి, ఒప్పుకుంటా. ఇతని చిన్న ప్యాకెట్టే తప్పు ఇంటికి వెళ్తోంది, ఇప్పుడెందుకు.

తమ్ముడూ, ఒక్క మాట. పేజీ రావట్లేదంటే పింగ్ దగ్గరే కూర్చోకు. పింగ్‌కి పోర్ట్ అనేదే తెలీదు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్, సర్వర్ పేరు, -పోర్ట్ 8443 కొట్టు. చివర్లో టీసీపీటెస్ట్‌సక్సీడెడ్ పక్కన ట్రూ ఉందో ఫాల్స్ ఉందో చూడు. ఉబుంటులో, మ్యాక్‌లో అయితే ఎన్‌సీ -జెడ్‌వీ, సర్వర్ పేరు, 8443. అక్కడ కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వెంటనే వస్తే సాధారణంగా మెషిన్ దాకా చేరావని, ఆ పోర్ట్ మీద వినేవాడే లేడని. చాలాసేపు ఊరుకుని టైమ్ అవుట్ అంటే మధ్యలో ఫైర్‌వాల్ మింగేసిందని, లేదా ఆ అడ్రస్‌లో మెషినే లేదని. సర్వర్ టీమ్‌కి ఫోన్ చేసే ముందు ఈ రెండింటిలో ఏదో తెలుసుకో, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

కొత్త టెస్టర్:

దొరికింది. హోస్ట్స్ ఫైల్‌లో చివరి లైన్, 192.168.10.40, పక్కన మా సర్వర్ పేరు. ఎవరు రాశారా అని చూస్తే పైన కామెంట్‌లో నా పేరే ఉంది. చేరిన మొదటి వారంలో డీఎన్ఎస్‌లో పేరు రాకముందు "తాత్కాలికం" అని రాసుకున్నాను.

తీసేశాక మొదటిసారి పని చేయలేదు. నోట్‌ప్యాడ్ దాన్ని హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ అని వేరే ఫైల్‌గా సేవ్ చేసింది, పాతది అలాగే ఉంది. రెండోసారి సరిగ్గా సేవ్ చేశాక పింగ్ .57కి వెళ్లింది, టీటీఎల్=64 అని కూడా వచ్చింది. పోర్ట్ టెస్ట్ ట్రూ. పేజీ వచ్చింది. ఉబుంటులో -ఐ ఇస్తే ట్రేస్‌రూట్ ఒకే లైన్‌లో ముగిసింది.

రాత్రి షిఫ్ట్ అన్నా, రిపోర్ట్‌లో కారణం ఏమని రాయమంటారు?

రాత్రి షిఫ్ట్:

"టెస్ట్ మెషిన్‌లో పాత హోస్ట్స్ ఎంట్రీ" అని రాయి. ఎవరి ఎంట్రీ అని అడిగితే అప్పుడు చూద్దాం.