పీరియడ్లు లేని హైస్కూల్: ఉదయం చదువు గాడిలో పడటం ఎలా?

చదువుబాట:
12 నుంచి 16 ఏళ్ల పిల్లలు 45 మంది, టీచర్లు ఆరుగురు. ఉదయం రెండున్నర గంటలు పీరియడ్లు ఉండవు, ఎవరి పని వాళ్లే ఎంచుకుని చేసుకోవాలి. మధ్యాహ్నం ప్రాజెక్టులు, చేతిపనులు, ఆటలు. మధ్యాహ్నం బాగానే నడుస్తోంది, చిక్కంతా ఉదయమే. నచ్చిన సబ్జెక్టు ముందుకు పరుగెడుతుంది, లెక్కలు పేరుకుపోతాయి, ఏ టీచర్ దగ్గర చూసినా క్యూ. వారానికోసారి పెట్టే పాఠశాల సభ కూడా "వాడు నా పుస్తకం తీశాడు" లాంటి ఫిర్యాదులకే సరిపోతోంది. మళ్లీ పీరియడ్లు పెట్టకుండా దీన్ని చక్కదిద్దే మార్గం ఉందా? మార్కులు లేకుండా మూల్యాంకనం ఎలాగో కూడా చెప్పండి.

పలకబలపం:
చదువుబాట గారూ, గంట కొట్టడం ఆపేశాక పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పిల్లలకు మరో రూపంలో కనిపించాలి. హెలెన్ పార్క్‌హర్స్ట్ రూపొందించి, 1920లో అమెరికాలోని డాల్టన్ హైస్కూల్లో అమలు చేసిన డాల్టన్ ప్లాన్ ఈ చిక్కు మీదే పనిచేస్తుంది. అందులో విద్యార్థి నెలకు సరిపడా పనిని ఒప్పందంగా తీసుకుంటాడు. నెలకు 20 పనిదినాలు, కాబట్టి ప్రతి సబ్జెక్టులో 20 యూనిట్లు, అంటే యూనిట్ ఆ సబ్జెక్టులో ఒక రోజు పని. ఏ రోజు ఏది చేయాలన్నది అతని ఇష్టం. కానీ అన్ని సబ్జెక్టుల్లో ఈ నెల పని పూర్తయ్యేదాకా ఏ ఒక్కదాంట్లోనూ వచ్చే నెల పని చేతికివ్వరు. మీ దగ్గర లెక్కలు పేరుకుపోవడాన్ని ఆపేది ఈ ఒక్క నియమమే.

అయితే 12 ఏళ్ల పిల్లలకు నెల చాలా పెద్ద గడువు. వాళ్లకు వారం, ఆ పైవాళ్లకు రెండు వారాలు ఇవ్వండి. నెల ఒప్పందం 15 దాటినవాళ్లకే.

ఐదు సబ్జెక్టులు, రోజుకు ఒక్కో యూనిట్ అనుకుంటే, యూనిట్‌కు 30 నిమిషాల చొప్పున మీ 150 నిమిషాలూ నిండిపోతాయి, వెనకబడ్డది పూర్తిచేయడానికి సందు ఉండదు. 25 నిమిషాలకు కుదించండి. మిగిలే 25 నిమిషాలు సందేహాలకు, బాకీ పనికి.

ఇక అసైన్‌మెంట్ కాగితం. చాలాచోట్ల పథకం దెబ్బతినేది ఇక్కడే. "40 నుంచి 52 పేజీలు చదవండి" అని రాస్తే చదివారో లేదో ఎవరికీ తెలియదు. ఏ ప్రశ్నకు జవాబు వెతకాలి, ఎక్కడ వెతకాలి, చివరికి ఏం రాసి లేదా తయారుచేసి ఇవ్వాలి, అది ఎన్ని యూనిట్లు, మధ్యలో ఎక్కడ ఆగి టీచర్‌కు చూపించాలి, ఇవన్నీ ఉండాలి. లెక్కల్లో మొదటి నాలుగైదు చేయగానే చూపించమనండి. లేకపోతే తప్పు పద్ధతిలోనే ముప్పై చేసుకొస్తారు. అది మాన్పించడానికి పట్టే సమయం నేర్పడానికి పట్టినదానికంటే ఎక్కువ.

క్యూ కోసం ప్రతి గదిలో ఒక బోర్డు పెట్టండి: పేరు, ప్రశ్న నంబరు. పేరు రాసి వేరే సబ్జెక్టు పనిలోకి వెళ్లాలి, నిలబడకూడదు. ఒకే ప్రశ్న దగ్గర మూడు పేర్లు పడితే ఆ ముగ్గురికీ కలిపి పావుగంట పాఠం చెప్పండి.

సభాపర్వం:
సభ సంగతి నేను చెబుతాను. ఫిర్యాదులనూ నియమాలనూ ఒకేచోట పెట్టడం వల్లే మీ సభ అలా అవుతోంది. 1968లో మసాచుసెట్స్‌లో మొదలైన సడ్‌బరీ వ్యాలీ స్కూల్లో ఈ రెండూ వేరు. ఫిర్యాదు కాగితం మీద రాసి ఇవ్వాలి, వేర్వేరు వయసుల పిల్లలతో, ఒక పెద్దతో ఉండే న్యాయసంఘం దాన్ని విచారిస్తుంది. సభ నియమాలు చేస్తుంది. అక్కడ విద్యార్థికీ సిబ్బందికీ చెరో ఓటే.

మీ 45 మందికి నలుగురు పిల్లలు, ఒక టీచర్ చాలు. రోజూ 20 నిమిషాలు కూర్చోవాలి. వారానికోసారి అయితే కోపం చల్లారక గొడవ పెద్దదవుతుంది. సభ్యులను నెలకోసారి మార్చండి, కానీ ఇద్దరు పాతవాళ్లను ఉంచండి. శిక్ష చిన్నదిగా, చేసిన పనికి సంబంధించినదిగా ఉండాలి: పరికరం పాడుచేస్తే బాగుచేయడంలో సాయం, అంతే. వేధింపులు, లైంగిక వేధింపు, ఒంటి మీద దెబ్బల విషయం ఎట్టి పరిస్థితుల్లోనూ పిల్లల సంఘానికి వెళ్లకూడదు. అది పెద్దల బాధ్యత, అదే రోజు చేపట్టాలి.

సభ పరిధిలో లేనివి (భద్రత, చట్టం, జీతాలు) ముందే రాసి గోడకు అంటించండి. పిల్లలు ఓటేసిన తీర్మానాన్ని తర్వాత పెద్దలు కొట్టేస్తే, మరుసటి వారం నుంచి సభకు వచ్చేవాళ్లు ఉండరు. ఎజెండా రెండు రోజుల ముందే పెట్టాలి. ఏ కొత్త నియమమైనా ఒక సభలో చదివి, తర్వాతి సభలో ఓటుకు పెట్టండి. ఆవేశంలో చేసే నియమాలు తగ్గుతాయి.

మార్కులేతర:
మూల్యాంకనానికి ప్రదర్శన పద్ధతి చూడండి. అమెరికాలోని ప్రావిడెన్స్‌లో 1996లో మొదలైన మెట్ స్కూల్లో ప్రతి విద్యార్థీ తన పనిని టీచర్, తల్లిదండ్రులు, తోటివాళ్ల ముందు పెట్టి ప్రశ్నలకు జవాబు చెబుతాడు. ఒక్కొక్కరికి 40 నిమిషాలు వేసుకున్నా మీకు 30 గంటలు. రెండు బృందాలు ఒకేసారి కూర్చుంటే రోజుకు ఐదు గంటల చొప్పున మూడు రోజులు. కనీసం ఒక చిత్తుప్రతి, దాన్ని దిద్దుకున్న ప్రతి రెండూ పక్కపక్కన చూపమనండి, లేకపోతే అందమైన చార్టులే మిగులుతాయి. పబ్లిక్ పరీక్ష రాయబోయేవాళ్లకు గడియారం పెట్టుకుని రాసే అలవాటు వేరుగా చేయించాలి, ప్రదర్శనలతో అది రాదు.

చదువుబాట:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక్క యూనిట్ కూడా పూర్తిచేయని పిల్లల సంగతి?

పలకబలపం:
ముందు ఆ అసైన్‌మెంట్ కాగితాన్నే పైకి చదవమనండి. బద్ధకం అనుకున్నది చాలాసార్లు చదవడంలో ఇబ్బందిగా బయటపడుతుంది. అప్పుడు కాగితం భాష మార్చాలి, చదవడం వేరుగా నేర్పాలి. చదవగలిగీ చేయకపోతే రోజుకు రెండు యూనిట్లకు తగ్గించి, ఉదయం ఐదు నిమిషాలు మెంటర్‌తో (ఆ విద్యార్థిని చూసుకునే టీచర్‌తో) కూర్చోబెట్టి "ఈరోజు ఏ రెండు?" అని రాయించుకోండి, వెళ్లే ముందు మళ్లీ చూడండి. ఆరుగురు టీచర్లకు తలా ఏడెనిమిది మందే వస్తారు కాబట్టి ఇది సాధ్యమే. రెండు వారాలు వరుసగా కుదిరాక మూడో యూనిట్ కలపండి.