ఆఫీసుకు రమ్మనడం తప్పా, వెళ్ళగొట్టడానికి రమ్మనడం తప్పా?

కాజీపేట జంక్షన్:
మా అక్క అమెరికా పౌరురాలు. వర్జీనియాలో ఉంటూ అక్కడి కేంద్ర ప్రభుత్వంలో ఒక విభాగంలో పనిచేస్తుంది. 2025 జనవరి 20న ట్రంప్ ప్రమాణం చేసిన రోజే, ఇంటి నుంచి పని ఆపి అందరూ ఆఫీసులకు రావాలని ఉత్తర్వు వచ్చింది. జనవరి 28న ఉద్యోగులందరికీ ఒక మెయిల్. ఫిబ్రవరి 6లోపు రాజీనామాకు ఒప్పుకుంటే సెప్టెంబర్ 30 దాకా జీతం ఇస్తారట, ఆఫీసుకు రానక్కర్లేదట. ఉండిపోయేవాళ్ళ పోస్టుకు మాత్రం పూర్తి హామీ ఇవ్వలేమని అందులోనే రాశారు. అక్క ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఆమె పడ్డ టెన్షన్ ఫోన్‌లో వింటూనే ఉన్నాం. హన్మకొండలో మా ఇంట్లో దీని మీద రెండు జట్లు. "సర్కారు నౌకరీ అన్నాక ఆఫీసుకు పోవద్దా?" అని మా బాబాయి. ఇది పొమ్మనలేక పొగపెట్టడమే అని నేను. మీరేమంటారు?

భూపాలపల్లి రైతుబిడ్డ:
మీ బాబాయి మాటే నా మాట. పాస్‌బుక్కులో తప్పు దిద్దించుకోవడానికి మండల ఆఫీసు చుట్టూ తిరిగినవాడికి తెలుస్తుంది ఆ బాధ. సారు హన్మకొండ నుంచి రావాలి. పదకొండు దాటాక వస్తారు, నాలుగింటి బస్సుకు లేస్తారు. మధ్యలో మీటింగ్ అంటారు. మా నాయన ఒక రోజు కూలి పోగొట్టుకుని, ఛార్జీలు పెట్టుకుని పోతే కుర్చీ ఖాళీ. జీతం జనం డబ్బు. అమెరికాలోనైనా అంతే కదా. ఇంట్లో కూర్చున్నవాళ్ళను ఆఫీసుకు రమ్మంటే అది ఒత్తిడి ఎట్లా అవుతుంది?

మానేరు గట్టు:
అన్నా, మీ నాయన విషయంలో మీ కోపం న్యాయమే. కానీ అక్కడి లెక్క వేరు. 2024 ఆగస్టులో అక్కడి ప్రభుత్వమే ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 23 లక్షల మంది సివిల్ ఉద్యోగుల్లో సగానికి పైగా, 54 శాతం, రోజూ పని చోటికి పోవాల్సినవాళ్ళే. ఆసుపత్రుల్లో, విమానాశ్రయాల్లో, సరిహద్దుల్లో ఉండేవాళ్ళు. పూర్తిగా ఇంటి నుంచే చేసేవాళ్ళు 10 శాతం. మిగతావాళ్ళలో చాలామంది కొన్ని రోజులు ఇంట్లో, ఎక్కువ రోజులు ఆఫీసులో. పైగా ఇది కరోనాలో దొంగచాటుగా అలవాటైన సౌకర్యం కాదు, 2010లోనే దీనికి చట్టం చేశారు.

అసలు సంగతి ఉద్దేశం దగ్గరుంది. ట్రంప్ ఎన్నిక గెలిచాక, 2024 నవంబర్‌లో, ప్రభుత్వ ఖర్చు తగ్గించే పని ఆయన అప్పగించిన ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి కలిసి వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాశారు. వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రావాలంటే స్వచ్ఛందంగా మానేసేవాళ్ళు వెల్లువెత్తుతారని, దాన్ని తాము స్వాగతిస్తామని అందులో ఉంది. అంటే కుర్చీ నింపడానికి కాదు, ఖాళీ చేయడానికే రమ్మన్నారు. దాచలేదు కూడా. మీ మండలంలో సారు టైముకు రావాలని మీరు అడగడం, ఆయన విసిగి మానేస్తాడని లెక్కేసి పైవాళ్ళు హాజరు పెట్టడం, రెండూ ఒకటేనా?

పాత యూనియన్ మనిషి:
తమ్ముళ్ళూ, ఇది అమెరికాలో పుట్టిన విద్య కాదు. 2019లో బీఎస్ఎన్ఎల్‌లో జరిగింది గుర్తుచేసుకోండి. ఆ ఏడు జీతాలు ఆలస్యం కావడం మొదలైంది. రిటైర్మెంట్ వయసు 58కి తగ్గిస్తారని ప్రచారం లేచింది. అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ స్వచ్ఛంద పదవీ విరమణ పథకానికి ఒప్పుకుంది. నవంబర్ 4 నుంచి డిసెంబర్ 3 దాకా గడువు. 50 ఏళ్ళు నిండినవాళ్ళు అర్హులు. చేసిన సర్వీసులో ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన సర్వీసుకు ఏడాదికి 25 రోజుల జీతం. సుమారు లక్షన్నర మందిలో 78 వేల మందికి పైగా రాసిచ్చారు. 2020 జనవరి 31న అందరూ ఒకే రోజు బయటికి వచ్చారు.

అప్పుడు సలహా కోసం నా దగ్గరికి వచ్చినవాళ్ళ మొహాలు నాకింకా గుర్తే. బిడ్డ పెళ్ళి ఉన్నవాళ్ళు, ఇంటి లోను ఉన్నవాళ్ళు. "అన్నా, ఉంటే జీతం వస్తదా?" అని ఒకటే ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. డబ్బు చూసి సంతోషంగా పోయినవాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ రేపటి జీతం మీద నమ్మకం పోయిన మనిషి పెట్టే సంతకాన్ని స్వచ్ఛందం అనడం నా మనసుకు ఎక్కదు. అమెరికా మెయిల్ అంతకన్నా దారుణం. బీఎస్ఎన్ఎల్ వాళ్ళకు నెల గడువైనా ఇచ్చారు, లెక్క కాగితం మీద పెట్టారు. అక్కడ మొదట ఇచ్చింది వారం పైన రెండు రోజులు. సెప్టెంబర్ దాకా జీతం అన్నారు గానీ, అప్పటికి వాళ్ళ పార్లమెంటు ఖర్చుకు అనుమతి ఇచ్చింది మార్చి 14 దాకే. ఇంటి పెద్దలతో, వకీలుతో మాట్లాడుకునే టైము కూడా లేకుండా అడిగారు.

భూపాలపల్లి రైతుబిడ్డ:
పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. కోర్టు ఆపితే ఆ గడువు ఫిబ్రవరి 12 దాకా సాగింది కదా. దాదాపు 75 వేల మంది ఒప్పుకున్నారు. ఒప్పుకోని వాళ్ళలో ఎంతోమందిని తర్వాత తీసేశారు, ఒక్క ఆరోగ్య శాఖే 10 వేల మంది అని ఏప్రిల్‌లో వార్తలు చూశాం. అట్లయితే ముందే జీతం తీసుకుని పోయినవాళ్ళే తెలివైనవాళ్ళు కదా? మా దగ్గర కూలోళ్ళను మానిపిస్తే ఎనిమిది నెలల కూలి ఎవరిస్తారు?

మానేరు గట్టు:
తెలివైనవాళ్ళే కావచ్చు. వాళ్ళను నేను ఒక్క మాట అనను. కానీ "పోకపోతే తీసేస్తారు" అన్న భయం నిజమైందంటే ఒత్తిడి ఉందన్న మాటే రుజువైంది. ఇంకొకటి. మీరు కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి వైపు నుంచి మాట్లాడుతున్నారు, నేనూ అక్కడి నుంచే చెప్తా. ముసలివాళ్ళకు పింఛన్లు ఇచ్చే సోషల్ సెక్యూరిటీ విభాగంలో 57 వేల సిబ్బందిని 50 వేలకు తగ్గిస్తామని 2025 ఫిబ్రవరిలోనే ప్రకటించారు. సరిగా పనిచేయనివాళ్ళను వెతికి తీయడం కాదిది. ఎవరు పోతే వాళ్ళ కుర్చీ ఖాళీ. బయట వేరే ఉద్యోగం దొరికే నేర్పరులు ముందు పోతారు. ఆ క్యూలో నిలబడేది మీ నాయన లాంటివాళ్ళే.

ములుగు రోడ్డు టీచరమ్మ:
నేను రెండు వైపులా కొంత ఒప్పుకుంటా. పనిచేసే ఊరికి దగ్గర్లో ఉండాలి, టైముకు రావాలి. పిల్లలు ఎదురుచూస్తుంటారు. అయితే పని చోటును మార్చడం ఎంత బలమైన ఆయుధమో 2021 డిసెంబర్‌లో వచ్చిన 317 జీవో అప్పుడు మన జిల్లాలన్నీ చూశాయి. సీనియారిటీ చూసి ఉద్యోగులను, టీచర్లను కొత్త జిల్లాలకు పంచితే జూనియర్లు దూరం పోయారు. భర్త ఒక జిల్లా, భార్య ఒక జిల్లా. స్థానికత పోయిందని ధర్నాలు చేశారు. అప్పుడు రాజీనామా చేయమని ఎవరూ ఉత్తరం రాయలేదు నిజమే. కానీ "ఇష్టం లేకపోతే మానెయ్యండి" అనే మాట చుట్టాల నోటే విన్నాం. చంటిపిల్లతో రోజూ బస్సు మారి పోయే ఆడమనిషికి ఆ మాట ఎట్లా తగులుతుందో చెప్పలేను. కాజీపేట తమ్ముడూ, మీ అక్కకు ఇంట్లో వాళ్ళు ఆ మాట అనకుండా చూడండి.

పాత యూనియన్ మనిషి:
టీచరమ్మ చెప్పింది నిజం. రైతుబిడ్డకు ఒక్క సంగతి. మన రాష్ట్ర ఉద్యోగికి 20 ఏళ్ళ సర్వీసు నిండితే, మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి తానే విరమించుకునే నిబంధన ఎప్పటి నుంచో ఉంది. అందులో అడిగేది ఉద్యోగి, ఆలోచించుకునే టైము ఉద్యోగిది, పింఛను లెక్క ముందే తెలుసు. దాని మీద యూనియన్లు గొడవ చేసినట్టు నాకు తెలియదు. సిబ్బందిని తగ్గించాలంటే ఏ పోస్టు ఎందుకు అక్కర్లేదో చెప్పి, చట్టం ప్రకారం తగ్గించాలి. జవాబుదారీ తీసుకోవాలి. ఆ భారం ఉద్యోగి మీదికి నెట్టి, "నువ్వే పోయావు" అనిపించుకోవడం మీదే నా అభ్యంతరం.

భూపాలపల్లి రైతుబిడ్డ:
కారణం చెప్పి తీసెయ్యాలి, ఆ మాట ఒప్పుకుంటా. హాజరు విషయంలో మాత్రం నేను దిగను. పెద్దాయనా, మీ యూనియన్ల వాళ్ళు జీతాల కోసం ధర్నా చేసినప్పుడు మేమూ వచ్చి కూర్చున్నాం. పదింటికల్లా కుర్చీలో ఉండాలని మీ సంఘం తరఫున మీ సభ్యులకు ఒక్క కాగితం రాయించండి. రాయిస్తే మా మండలంలో ఇంటింటికీ నేనే చూపిస్తా.