అమ్మ ఉపాధి కూలి ఐదు వారాలుగా పడలేదు, "పైనుంచి రాలేదు" అంటున్నారు. ఎవరిని అడగాలి?

ఆదివారం_బస్సు | 2025 జూన్ 22

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. మా ఊరు పలమనేరు వైపు. పల్లె పేరు, మండలం పేరు రాయను. అమ్మ రేపు పొద్దున మళ్లీ అదే మేటు (గుంపు పని చూసే మనిషి) కింద పనికి పోవాలి.

టమాటా కోతలు లేని రోజుల్లో అమ్మ కరువు పనికి పోతుంది. ఉపాధి పనిని మా ఊళ్లో ఇప్పటికీ అలాగే అంటారు. ఈ ఎండాకాలం ఏప్రిల్ 21 నుంచి మే 24 దాకా ఐదు వారాలు చెరువులో పూడిక తీశారు. పొద్దున ఆరుకు పోతే పదకొండుకు ఇంటికి వచ్చేది. ఈ ఏడాది రోజుకు 307 రూపాయలని పేపర్లో రాశారు గానీ, కొలతలు వేశాక మా వాళ్లకు 250, 260 పడితే గొప్ప. ఇప్పుడు అదీ లేదు. ఐదు వారాలకు ఒక్క రూపాయి పడలేదు.

మేటును అడిగితే ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగమంటాడు. ఆయన "పైనుంచి పడలేదమ్మా, పడితే నేనే చెప్పనా?" అంటాడు. పోయిన సోమవారం సెలవు పెట్టి మండలం ఆఫీసుకు పోయాను. అక్కడా అదే మాట. "ఢిల్లీ నుంచి రావాల, రాష్ట్రమంతా ఇంతే" అన్నారు. నేను ఇంకో మాట అనేలోపు అక్కడి సారు ఫోన్ మోగింది, నేను బయటికొచ్చేశాను. అడగాల్సినవన్నీ తిరుపతి బస్సెక్కాక గుర్తొచ్చాయి.

తిక్క పుట్టించే సంగతి ఇంకొకటుంది. పక్కింటి అత్తకు మొదటి రెండు వారాల డబ్బులు మే నెలలోనే పడ్డాయి. ఇద్దరిదీ ఒకే గుంపు, ఒకే చోట తవ్వినారు. ఢిల్లీ వాళ్లకు అత్త తెలుసు, మా అమ్మ తెలియదా?

అమ్మకు చదువు రాదు. పనికి పోయిన రోజు సాయంత్రం, ఎరువుల అంగడి వాళ్లిచ్చిన క్యాలెండర్‌లో ఆ తేదీ మీద కుంకుమ బొట్టు పెడుతుంది. నేను లెక్కపెట్టాను, 29 బొట్లున్నాయి. మే 13 మీద లేదు, ఆ రోజు పెళ్లికి పోయింది. ఈ క్యాలెండర్ ఎక్కడైనా చూపిస్తే పనికొస్తుందా? నేను ఎవరిని అడగాలి, ఏమని అడగాలి?

---

ఎందుకొచ్చిన_గొడవ

చెల్లెమ్మా, ఓపిక పట్టు. మాకూ ఒకసారి వేసవిలో చేసిన పనికి వినాయక చవితి ముందు పడింది. ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. కాగితాలు పెట్టి కొట్లాడితే మేటు మీ అమ్మను రాళ్లున్న చోట గుంపులో వేస్తాడు, లేదంటే జాబ్ కార్డే తీసేస్తారు. నువ్వు తిరుపతిలో ఉంటావు, అక్కడ ఉండాల్సింది ఆమె.

---

పాత_ఆపరేటర్

నేను ఒక మండలంలో ఉపాధి కంప్యూటర్ దగ్గర తొమ్మిదేళ్లు పనిచేసి మానేశాను. మీ అమ్మగారివి రెండు వేరువేరు సమస్యలు. రెండూ కలిపి అడిగారు కాబట్టి ఒకే జవాబుతో పంపించేశారు.

ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే జాబ్ కార్డులన్నీ కనిపిస్తాయి. ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. అమ్మగారి కార్డు తెరవండి. ఏ వారం ఏ మస్టర్ (హాజరు పట్టీ), ఎన్ని రోజులు, ఎంత కూలి అన్నీ ఉంటాయి. ప్రతి మస్టర్‌కూ ఎఫ్‌టీఓ నంబరు ఉందా, డబ్బు జమ అయిన తేదీ ఉందా చూడండి.

ఎఫ్‌టీఓ అంటే డబ్బు పంపమని ఇక్కడి నుంచి పోయే ఆర్డరు. మస్టర్ మూసి, టెక్నికల్ అసిస్టెంట్ తవ్విన పని కొలతలు ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కించి, రెండు సంతకాలు పడితే అది పుడుతుంది. అది పుట్టేదాకా ఆలస్యమంతా ఇక్కడిదే. పుట్టాక కూడా డబ్బు రాకపోతేనే ఢిల్లీ ఆలస్యం. "పైనుంచి రాలేదు" అన్న మాట నిజమో కాదో ఆ ఒక్క నంబరు చెబుతుంది. ఆఫీసులో డబ్బు ఎప్పుడు వస్తుందని అడక్కండి, ఫలానా మస్టర్‌కు ఎఫ్‌టీఓ ఏ తేదీన పంపారని అడగండి.

అత్తకు పడి అమ్మకు పడని రెండు వారాల సంగతి వేరు. నా అనుమానం, అవి పడ్డాయి, కానీ ఇంకో ఖాతాలో. 2024 జనవరి 1 నుంచి కూలి ఆధార్ ఆధారంగానే వేస్తున్నారు. మనం ఆఫీసులో ఇచ్చిన పాసుపుస్తకం నంబరు చూసి డబ్బు రాదు. ఆధార్‌కు ఆఖరున ఏ బ్యాంకు ముడిపడిందో అక్కడికి పోతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో అమ్మగారి నంబరు కొట్టి, ఫోన్‌కు వచ్చే ఓటీపీ వేస్తే ఆ బ్యాంకు పేరు కనిపిస్తుంది. ఈ మధ్య ఎక్కడైనా వేలిముద్ర వేశారేమో కనుక్కోండి.

ఒక సంగతి ఒప్పుకుంటాను. 15 రోజుల్లో కూలి ఇవ్వాలని చట్టం. మస్టర్ మూసిన 16వ రోజు దాటాక రోజుకు 0.05 శాతం చొప్పున ఆలస్య పరిహారం ఇవ్వాలి. ఇక్కడి ఆలస్యానికి కంప్యూటరే లెక్కకట్టి చూపిస్తుంది. దాన్ని ఆమోదించవచ్చు, కారణం ఎంచి తిరస్కరించవచ్చు. మా దగ్గర వరసగా "నిధులు లేవు" అని ఎంచి తిరస్కరించేవాళ్లం. లాగిన్ సార్‌ది, వేలు నాది. ఒక్కో మనిషికి ఇరవై, ముప్పై రూపాయలు, ఎవరు అడుగుతారులే అనుకునేవాణ్ణి. నిజంగానే తొమ్మిదేళ్లలో ఒక్కరూ అడగలేదు.

---

తట్టా_పారా

నేను చిత్తూరు వైపు కూలీల సంఘంలో తిరుగుతుంటాను. ఆపరేటర్ అన్న చెప్పినదానికి ఒక లెక్క చేరుస్తా. ఒక వారం కూలి 1,560 అనుకుందాం. 0.05 శాతం అంటే రోజుకు 78 పైసలు. నెల ఆలస్యమైతే 23 రూపాయల 40 పైసలు. టీకి, బన్నుకి సరి. అయినా అడగమంటాను. ఆ 23 రూపాయలు ఇచ్చారంటే ఆలస్యం మాదేనని ఎవరో సంతకం పెట్టినట్టే, అందుకే ఇవ్వరు. 2018 మే 18న సుప్రీంకోర్టు స్వరాజ్ అభియాన్ కేసులో ఈ ఆలస్యాల మీదే తీర్పు ఇచ్చింది. ఆఫీసుల్లో జాప్యాన్ని సాకుగా చూపి కూలీలకు డబ్బు ఎగ్గొట్టకూడదంది.

ఎందుకొచ్చిన_గొడవ అన్న భయం తీసిపారేసేది కాదు. రాళ్లున్న చోట వేయడం నేనూ చూశాను. అందుకే అమ్మ ఒక్కతే పోకూడదు. చివరి మూడు వారాలు గుంపులో ఎవరికీ పడలేదు కదా, పది మంది ఒకే కాగితం మీద వేలిముద్రలు వేయండి. పది మందినీ రాళ్లలో వేస్తే చెరువు పని ఎవరు చేస్తారు? కార్డు తీసేయాలన్నా ఆమె మాట వినాలి, గ్రామసభ ముందు పెట్టాలి. మేటు చేతిలో పని కాదది.

అర్జీ ఎంపీడీఓ పేరున రాయండి, మన దగ్గర ఉపాధి పనులకు ఆయనే ప్రోగ్రాం ఆఫీసర్. ఉపాధి హామీ చట్టం సెక్షన్ 23 ప్రకారం వచ్చిన ప్రతి ఫిర్యాదునూ రిజిస్టర్‌లో ఎక్కించి ఏడు రోజుల్లో తేల్చాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు పడని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. ఏడు రోజులు దాటితే ఆ కాపీతో సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు పోండి, అక్కడ కూడా నంబరు తీసుకోకుండా కదలొద్దు.

క్యాలెండర్ జాగ్రత్త. మన రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి పనులకు సామాజిక తనిఖీ ఉంది. తనిఖీ వాళ్లు ఇంటింటికీ వచ్చి మస్టర్‌లో ఇన్ని రోజులుంది, నిజమేనా అని అడుగుతారు. అప్పుడు ఆ బొట్లు చూపించండి. తర్వాత మండలంలో అందరి ముందు విచారణ పెడతారు, అక్కడికీ పట్టుకుపొండి.

---

ఆదివారం_బస్సు

అన్నా, ఇప్పుడే ఫోన్‌లో చూశాను. మే 5 నుంచి 10 దాకా క్యాలెండర్‌లో ఆరు బొట్లున్నాయి, వెబ్‌సైట్‌లో నాలుగు రోజులే ఉంది! మే 7, 8 లేవు.

---

పాత_ఆపరేటర్

ఫోటో సమస్య అయ్యుంటుంది. 2023 జనవరి నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. చెరువు లోపల సిగ్నల్ ఉండదు, మేటు కట్టెక్కి ఎక్కిస్తాడు. ఎక్కకపోతే ఆ రోజు హాజరు పోయినట్టే. గుంపులో మిగతావాళ్లకూ ఆ రెండు రోజులు లేవేమో వాళ్ల కార్డులు చూడండి. అందరికీ పోయుంటే ఫోటో ఎక్కలేదు. అమ్మగారికి మాత్రమే పోయుంటే వేరే సంగతి.

---

ఆదివారం_బస్సు | 2025 జూలై 13

ఏమైందో చెప్పకుండా పోకూడదని మళ్లీ వచ్చాను.

మొదటి రెండు వారాల డబ్బు మే 19న జమ అయినట్టు సైట్‌లో ఉంది. ఆధార్‌లో చూస్తే మేమెప్పుడూ వినని ఖాతా. అమ్మను అడిగితే రెండేళ్ల కింద సంతలో గొడుగు వేసుకుని సిమ్ములు అమ్మిన పిల్లోడి దగ్గర రెండుసార్లు వేలు పెట్టిందట. "నేను సిమ్ము కదా కొన్నాను" అంటుంది. అంతే, సిమ్ముతోపాటు ఖాతా కూడా కొనిపెట్టాడు. ఊళ్లో వేలిముద్రతో డబ్బులిచ్చే అంగడికి పోతే మూడుసార్లు మిషన్ ఒప్పుకోలేదు. పార పట్టి పట్టి అమ్మ బొటనవేలు నున్నగా అయిపోయింది. చివరికి ఉంగరం వేలు పలికింది. 3,096 రూపాయలు వచ్చాయి. ఆధార్‌ను పాత బ్యాంకుకు మార్పించాము.

మిగతా మూడు వారాలకు పదకొండు మంది ఆడవాళ్లం కలిసి మండలం ఆఫీసుకు పోయాము. అర్జీ తీసుకున్నారు గానీ స్టాంపు వేయమంటే ప్యాడ్ ఎండిపోయిందన్నారు. పక్కింటి అత్త బాటిల్ మూతలో నీళ్లు పోసి ప్యాడ్ మీద చల్లి "ఇప్పుడు వెయ్యి నాయనా" అంది. స్టాంపు కొంచెం అలికినట్టు పడింది, తేదీ మాత్రం కనిపిస్తుంది.

నాలుగు, ఐదు వారాలకు ఎఫ్‌టీఓ జూన్ 3నే పోయింది, అవి నిజంగానే ఢిల్లీలో ఉన్నాయి. జూలై 8న అందరికీ పడ్డాయి. మూడో వారానికి మాత్రం ఎఫ్‌టీఓనే లేదు. కొలతలు ఎక్కించలేదు. అంటే రెండు నెలలుగా "పైనుంచి రాలేదు" అన్న ఆ వారం డబ్బు మండలం దాటనే లేదు. అర్జీ ఇచ్చిన ఆరో రోజు ఎం-బుక్ పూర్తి చేశారు.

మే 7, 8 ఇంకా తేలలేదు. గుంపులో అందరికీ ఆ రెండు రోజులు పోయాయి. ఆ రోజుల ఫోటోలు, మస్టర్ కాపీ, మూడో వారం పరిహారం ఎందుకివ్వలేదో ఆ కారణం ఇవ్వమని సమాచార హక్కు కింద అడిగాను. మండల స్థాయిలో ఫీజు ఐదు రూపాయలే, అమ్మకు తెల్ల కార్డు ఉంది కాబట్టి అదీ అక్కర్లేదన్నారు. 30 రోజుల గడువు నడుస్తోంది.

ఒక చిన్న సందేహం. ఆఫీసులో ఒకాయన ఆధారం కావాలంటే ఒరిజినల్ క్యాలెండర్ ఇచ్చి పొమ్మంటున్నాడు. అమ్మ ఇవ్వనంటోంది. డిసెంబరు దాకా ఇంకా బొట్లు పెట్టాలి కదా అంటుంది. ఏం చేయమంటారు?

---

తట్టా_పారా

ఇవ్వకండమ్మా. ఏప్రిల్, మే పేజీలు జెరాక్స్ తీసి ఇవ్వండి, కలర్ జెరాక్స్. మామూలు దాంట్లో కుంకుమ నల్లగా వస్తుంది, సిరా మరక అంటారు.