డైవ్ వాచీని రోజువారీ ఈత, సైకిల్, పరుగు సాధనకు వాడవచ్చునా?

అనంతపురం_పరుగు:
నేను అనంతపురంలో ఉంటాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు మురుడేశ్వరం వెళ్లి నేత్రాణి దీవి దగ్గర స్కూబా డైవింగ్ చేస్తాను. మిగతా రోజుల్లో తెల్లవారకముందే పరుగు, ఆదివారాలు సైకిల్, వీలైనప్పుడు స్విమ్మింగ్ పూల్‌లో ఈత సాగుతుంటాయి. గార్మిన్ డిసెంట్, సూంటో ఓషన్ వంటి డైవ్ కంప్యూటర్ వాచీల్లో ఈ క్రీడలన్నీ ఉన్నాయని చదివాను. లోతు కొలవడానికి ఒకటి, సాధనకు మరొకటి కొనకుండా ఒక్కదానితోనే గడుపుకోవచ్చునా? వాడినవారు దయచేసి చెప్పగలరు.

తుంగభద్ర_ఈత (కర్నూలు):
నిశ్చింతగా గడుపుకోవచ్చునండి. డిసెంట్ ఎమ్‌కే2 వంటివి గార్మిన్ వారి ఫీనిక్స్ అనే క్రీడా వాచీల పునాది మీద తయారైనవే కాబట్టి, పలు క్రీడలను వరుసగా నమోదు చేసే మల్టీస్పోర్ట్ మోడ్‌లో ల్యాప్ బటన్ నొక్కగానే ఈత నుంచి సైకిల్‌కు మారడమే కాక, మధ్యలో బూట్లు వేసుకునే సమయాన్ని కూడా అవి విడిగా లెక్కిస్తాయి. అయితే కొన్ని సంగతులు తెలుసుకొని వాడాలి.

మొదటిది, ఎత్తు కొలత. ఈత ముగించిన వెంటనే ఓర్వకల్లు వైపు సైకిలెక్కితే, చదునైన రోడ్డు మీద కూడా ఎత్తు గీత ఎగుడుదిగుడుగా పోతుంది. గాలి పీడనాన్ని కొలిచే సన్నటి రంధ్రంలో నీటి చుక్క నిలిచిపోవడమే ఇందుకు కారణం. అది ఆరేదాకా ఆ అంకెలను పట్టించుకోనక్కర లేదు. ఆ రంధ్రాన్ని గుండుసూదితో పొడిచారంటే మాత్రం లోపలి సెన్సారుకే ముప్పు. సముద్రం నుంచి వచ్చాక మంచినీటిలో కాసేపు నానబెట్టి ఆరబెడితే చాలు.

రెండవది, పూల్‌లో దూరం లెక్క. వాచీ చూసేది చేతి కదలికను, గోడ దగ్గర మలుపును. పలక పట్టుకొని కాళ్లు మాత్రమే ఆడిస్తే దాని దృష్టిలో మీరు ఈదనట్టే, కాబట్టి ఆ దూరాన్ని మీరే నమోదు చేసుకోవాలి. పూల్ పొడవు 25 మీటర్లా 50 మీటర్లా అన్నది కూడా ముందే సరిచూడండి.

గుండె వేగానికి మణికట్టు సెన్సారును నీటిలో నేను నమ్మను. ఛాతీ పట్టీ మేలు, కాని దాని రేడియో సంకేతం నీటిలో సాగదు కనుక, కొలతలను తనలోనే దాచుకొని ఒడ్డుకు చేరాక వాచీకి అప్పగించే రకాన్నే ఎంచుకోండి.

కడప_చక్రం:
పై మాటలన్నీ నిజమే, కాని పట్టీ సంగతి ఎవరూ చెప్పలేదు. మన ఎండల్లో సిలికాన్ పట్టీ కింద చెమట నిలిచి మణికట్టు నిండా చెమటకాయలు లేస్తాయి. సాధనకు నైలాన్ పట్టీ, డైవింగ్‌కు సిలికాన్ పట్టీ అని నేను వేరుగా ఉంచుకున్నాను. గండికోటలో పెన్నా లోయ పక్కన పరుగెత్తేటప్పుడు ఉపగ్రహ సంకేతాలు రాతి గోడలకు తగిలి తిరిగి రావడంతో, పాత వాచీలో నా దారి కొంతమేర లోయలోనే సాగినట్టు చూపేది! రెండు పౌనఃపున్యాలలో సంకేతాలు అందుకునే కొత్త వాచీలలో ఆ బాధ చాలా తగ్గింది.

పాత_ముల్లు (కడప):
ముళ్ల డైవ్ వాచీ సంగతి కూడా ఆలోచించండి. ఐఎస్ఓ 6425 ప్రమాణం ప్రకారం డైవర్ల వాచీకి కనీసం 100 మీటర్ల సామర్థ్యం ఉండాలి, రాసిన పీడనానికి మరో 25 శాతం కలిపి పరీక్షించాలి. మామూలు వాచీ మీద కనిపించే '50 మీటర్లు' అన్న మాటకు, ఆ లోతుకు దిగవచ్చునన్న అర్థం లేదు. బెజెల్, అంటే అద్దం చుట్టూ ఉండే అంకెల వలయం, ఒకవైపే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలినా గడిచిన సమయం ఎక్కువగా కనిపిస్తుందే తప్ప తక్కువగా కనిపించదు, అందువల్ల డైవర్ తొందరగా పైకి వస్తాడు గాని ఆలస్యం చేయడు. విరామాలతో చేసే పరుగుకు అదే బెజెల్ హాయిగా పనికొస్తుంది. దూరం, గుండె వేగం కావాలంటే మాత్రం ఇది చాలదు.

అనంతపురం_పరుగు:
అందరికీ ధన్యవాదాలు. మరొక్క సందేహం. డైవింగ్ ముగిసిన సాయంత్రమే హుబ్బళ్లి, బళ్లారి మీదుగా కారులో ఇంటికి వస్తుంటాను. డైవ్ తర్వాత ఇంతసేపు విమానం ఎక్కవద్దని వాచీ చూపే 'విమాన నిషేధ సమయం' నాకు వర్తిస్తుందా?

తుంగభద్ర_ఈత (కర్నూలు):
విమానమైనా కారైనా శరీరానికి కావలసింది పీడనం లెక్కే. డైవర్ల భద్రతా సూచనలు సుమారు 2,000 అడుగులు, అంటే 600 మీటర్ల ఎత్తు నుంచి మొదలవుతాయి. మీరు తీరం నుంచి కనుమలెక్కి వచ్చే హుబ్బళ్లి అంతకన్నా ఎత్తులోనే ఉంది. ఒకే డైవ్ అయితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగమని ఆ సూచనలు చెబుతాయి. కాబట్టి ఆ రాత్రి మురుడేశ్వరంలోనే నిద్ర చేసి, గడువు తీరాక బయలుదేరండి. డైవింగ్ చేసిన రోజున గట్టి పరుగు, బరువులు కూడా వద్దు. వాచీ మాత్రం తన సాధన ప్రణాళిక ప్రకారం ఆ సాయంత్రం కూడా వేగపు పరుగు సూచించవచ్చు, దాన్ని పక్కన పెట్టేయండి.

కడప_చక్రం:
పాతది కొనే ఆలోచన ఉంటే, డబ్బులిచ్చే ముందు ఎవరిదైనా నమ్మకమైన డైవ్ కంప్యూటర్ పక్కన పెట్టుకొని ఒక డైవ్‌లో రెండింటి లోతు అంకెలూ పోల్చి చూడండి.