చిల్లింగ్ సెంటర్లకు ఓఎస్‌పీఎఫ్ చాలదా, బీజీపీ కావాల్సిందేనా?

అలిపిరి_అడ్మిన్:
మాది పాల కంపెనీ. హెడ్డాఫీసు తిరుపతి, రెండో హబ్ చిత్తూరు. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు 60 దాకా చిల్లింగ్ సెంటర్లు. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకోవడానికి ఓఎస్‌పీఎఫ్ (సంస్థ లోపలి రూటింగ్ పద్ధతి) వాడుతున్నాం, అన్నీ దాని ముఖ్య విభాగమైన ఏరియా 0లోనే ఉన్నాయి. కరెంటు పోయి ఒక్క సెంటర్ లింక్ ఫ్లాప్ అయిందంటే (పోయి వస్తుంటే) మిగతా రౌటర్లన్నీ ఎస్‌పీఎఫ్ (దగ్గరి దారి) లెక్కలు మళ్లీ వేస్తాయి. సెంటర్లకు బీజీపీ (వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య దారులు చెప్పుకునే పద్ధతి) వేద్దామంటే మా మేనేజరు 'అది ఇంటర్నెట్ వాళ్లది, మనకెందుకు' అంటున్నారు.

పలమనేరోడు:
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకన్నా? ఏరియాలు విడగొట్టు, సెంటర్లను టోటల్లీ స్టబ్ చెయ్యి (బయటి చిరునామాలన్నిటికీ డీఫాల్ట్ రూట్ అనే ఒకే దారి), ఏబీఆర్ (ఏరియా సరిహద్దు రౌటర్) దగ్గర రూట్లు కలిపి సమ్మరైజ్ చెయ్యి. ఫ్లాప్ ఆ ఏరియా దాటదు. పక్క రౌటర్ పోయిందని తేల్చడానికి ఓఎస్‌పీఎఫ్ డెడ్ టైమర్ మామూలుగా 40 సెకన్లు, సిస్కోలో బీజీపీ హోల్డ్ టైమ్ 180. ట్యాంకరును మూడు నిమిషాలు గేటు దగ్గర నిలబెడతావా?

చిత్తూరు_కేబుల్:
ఇంకెన్నాళ్లప్పా ఆ 180 పాట? బీఎఫ్‌డీ (లింక్ బతికుందో లేదో చూసేది) పెట్టుకుంటే సెకను లోపే తెలిసిపోతుంది, దాని ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 5880 వచ్చిందే 2010లో. పెద్ద డేటా సెంటర్ల లోపల బీజీపీ ఎలా నడపాలో 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7938గా రాసిపెట్టారు, మీ మేనేజరుకు చూపించు. అసలు గొడవ వేగం గురించి కాదు. ఒక ఓఎస్‌పీఎఫ్ ఏరియాలో రౌటర్లన్నిటి దగ్గరా ఒకే డేటాబేస్ (నెట్‌వర్క్ పటం లాంటిది) ఉండాలి. కుప్పంలో ఎవరో కుర్రాడు చిత్తూరు సబ్‌నెట్‌ను (అక్కడి చిరునామాల గుంపును) తన రౌటర్లో కొట్టాడనుకో, ఆ ఏరియా అంతా నమ్మేస్తుంది, ఆపాలంటే సరిహద్దులోనే. బీజీపీలో అయితే ఆ ఒక్క నైబర్ (పక్క రౌటర్) మీద ప్రిఫిక్స్ లిస్ట్ (ఏ రూట్లు ఒప్పుకోవాలో చెప్పే జాబితా) పెడితే గుమ్మంలోనే ఆగిపోతుంది. బీజీపీలో ఒక్కో నెట్‌వర్క్‌కు ఇచ్చే ఏఎస్ నంబర్లలో ప్రైవేట్‌వి 64512 నుంచి 65534 దాకా ఉన్నాయి, 60 సెంటర్లకు కరువా?

పలమనేరోడు:
మరి రీడిస్ట్రిబ్యూషన్ (ఒక పద్ధతి రూట్లను ఇంకోదాంట్లో పోయడం) ఊసెత్తవేం? తిరుపతి రూట్లు కుప్పం మీదుగా చిత్తూరుకు ఈబీజీపీలో (వేరే ఏఎస్‌తో నడిపే బీజీపీ) చేరితే సిస్కోలో దూరం 20, ఓఎస్‌పీఎఫ్‌ది 110, తక్కువున్నదే గెలుస్తుంది. హబ్‌ల మధ్య ఫైబర్ ఉండగానే ట్రాఫిక్ అంతా కుప్పం సన్న లైనులోకి పోతుంది.

చిత్తూరు_కేబుల్:
రెండు హబ్‌లకూ ఒకే ఏఎస్ నంబరివ్వు. తన నంబరే ఏఎస్ పాత్‌లో (రూటు దాటొచ్చిన ఏఎస్ నంబర్ల వరుస) కనబడితే చిత్తూరు ఆ రూటు తీసుకోదు. అయినా సెంటర్లకు డీఫాల్ట్ రూట్ ఒక్కటి పంపితే సరిపోయేదానికి ఓఎస్‌పీఎఫ్‌ను బీజీపీలోకి ఎందుకు పోయాలి? సెంటర్ల రూట్లు మాత్రం ఓఎస్‌పీఎఫ్‌లోకి రానీ, ఒకవైపే.

అలిపిరి_అడ్మిన్:
పుంగనూరులో మొదలుపెడతాం. అక్కడ రెండు లైన్లు. తిరుపతి వైపు ఏఎస్ పాత్ ప్రిపెండ్ చేస్తే (మన నంబరే మళ్లీ మళ్లీ చేర్చి దారి పొడవుగా చూపిస్తే) వచ్చే ట్రాఫిక్ చిత్తూరు మీదుగా మళ్లుతుందా?

చిత్తూరు_కేబుల్:
హబ్‌ల మధ్య ఐబీజీపీ (ఒకే ఏఎస్ లోపలి బీజీపీ) ఉంటేనే. లేకుంటే తిరుపతికి నేరుగా వచ్చిన దూరం 20 రూటుదే గెలుపు, ప్రిపెండ్ దండగ.